ఆఫీసులో ఒక సిస్టమ్‌కి ఇంకో సిస్టమ్ కనపడకపోతే ఏం చేయాలి

ఇంటర్నెట్ బాగానే వస్తోంది. మెయిల్ తెరుచుకుంటోంది, వాట్సాప్ వెబ్ నడుస్తోంది. పక్క టేబుల్ మీదున్న సిస్టమ్‌లోని టాలీ డేటా మాత్రం తెరుచుకోదు. రాణిగంజ్‌లో మోటార్లు అమ్మే షాపైనా, బేగంబజార్‌లో హోల్‌సేల్ కొట్టైనా, అమీర్‌పేటలో నలుగురు కూర్చునే ఆడిటర్ ఆఫీసైనా, నాలుగు సిస్టమ్స్ ఒక నెట్‌వర్క్ స్విచ్‌కి (లాన్ కేబుళ్లన్నీ వచ్చి చేరే డబ్బా) కలిపిన ప్రతిచోటా ఈ ఇబ్బంది ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అదీ జీఎస్టీఆర్-3బి వేయాల్సిన 20వ తేదీన వచ్చిందంటే టెన్షన్ చెప్పనక్కర్లేదు.

ఆ కంగారులో చేతికందిన సెట్టింగునల్లా మార్చేయడం వల్లే చిన్న సమస్య పెద్దదవుతుంది. ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్లను అడ్డుకునే కాపలా) ఆపేస్తారు, వర్క్‌గ్రూప్ పేరు మారుస్తారు, యాంటీవైరస్ తీసేస్తారు. చివరికి ఏదో ఒకటి పనిచేస్తుంది. ఏది పనిచేసిందో తెలియదు, ఏ తలుపు తెరిచి వదిలేశామో అంతకన్నా తెలియదు. అందుకే కింద చెప్పే పనులు ఇదే వరుసలో చేయండి. ఒక మెట్టు సరిగ్గా ఉందని తేలాకే రెండోదానికి వెళ్లండి.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి. సిస్టమ్ జాబితాలో కనపడకపోవడం వేరు, అసలు అందకపోవడం వేరు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఎడమవైపు ‘నెట్‌వర్క్’ అని నొక్కితే వచ్చే జాబితా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఉండే పేర్ల బోర్డు లాంటిది. బోర్డు మీద పేరు లేనంత మాత్రాన ఫ్లాట్‌లో మనిషి లేడని కాదు. జాబితాలో పేరు లేకపోయినా ఆ సిస్టమ్‌లోని ఫోల్డర్ హాయిగా తెరుచుకోవచ్చు. చాలా ఆఫీసులకు నిజానికి కావాల్సింది ఫోల్డర్ తెరుచుకోవడమే, జాబితా కాదు. కాబట్టి మన ప్రయత్నమంతా ముందు అందేలా చేయడం మీద, ఆ తర్వాతే కనపడేలా చేయడం మీద.

ముందు రెండు ప్రశ్నలు

ఒక్క సిస్టమ్‌కే సమస్యా, అందరికీనా? డేటా ఉన్న మెయిన్ సిస్టమ్ ఎవరికీ అందకపోతే వెతకాల్సింది మెయిన్ సిస్టమ్‌లో. అందరికీ అంది ఒక్కరికే అందకపోతే ఆ ఒక్కరి దగ్గర. ఈ చిన్న ప్రశ్న అడగకుండా తప్పు సిస్టమ్ ముందు కూర్చుని గంటలు పోగొట్టుకుంటారు.

నిన్నటికీ ఈరోజుకీ ఏం మారింది? ఇంటర్నెట్ కనెక్షన్ మార్చారా, కొత్త రౌటర్ పెట్టారా, రాత్రి కరెంట్ పోయి వచ్చిందా, విండోస్ అప్‌డేట్ పడిందా, కొత్త యాంటీవైరస్ వేశారా, టేబుళ్లు జరిపారా? ఆఫీసులో అందరినీ అడగండి. ‘ఏమీ మారలేదు’ అని ఓనర్ చెప్తారు. పొద్దున్నే ఆఫీసు ఊడ్చిన ఆమెను అడిగితే, కిందపడి ఉన్న వైరును డబ్బాలో మళ్లీ గుచ్చానని చెప్తుంది. ఆ మాటే మీకు కావాల్సింది.

వైరు, లైటు, స్విచ్

లాన్ కేబుల్ గుచ్చిన చోట సిస్టమ్ వెనకా, స్విచ్ మీదా చిన్న లైట్లు ఉంటాయి. రెండు వైపులా వెలగాలి. వెలగకపోతే కేబుల్ తీసి, చిటుక్కుమనే వరకు మళ్లీ గుచ్చండి. క్లిప్పు విరిగిన కేబుల్ నిలబడదు, మార్చేయండి. అప్పటికీ లైటు రాకపోతే బాగా పనిచేస్తున్న సిస్టమ్ కేబుల్‌ని ఇక్కడ పెట్టి చూడండి. లైటు వస్తే పాత కేబుల్ పోయినట్టే. ఫాల్స్ సీలింగ్ పైన వెళ్లే కేబుళ్లను ఎలుకలు కొరకడం మన దగ్గర మామూలు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి వెళ్తే కేబుల్ టెస్టర్ దొరుకుతుంది. పది సిస్టమ్స్ దాటిన ఆఫీసు ఒకటి కొని పెట్టుకోవడం మంచిది. కేబుల్ పొడవు 100 మీటర్లు దాటకూడదన్నది కూడా గుర్తుంచుకోండి. ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకి, అక్కడి నుంచి వెనక గోదాముకి లాగినప్పుడు తెలియకుండానే ఆ హద్దు దాటిపోతుంది.

స్విచ్ మీద లైట్లన్నీ ఒకేసారి, ఆగకుండా, పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటూ ఉండి, ఆఫీసు మొత్తానికి నెట్‌వర్క్ పడిపోయిందా? ఒకే కేబుల్ రెండు కొసలూ అదే స్విచ్‌లో గుచ్చి ఉన్నాయేమో చూడండి. రెండు స్విచ్‌ల మధ్య రెండు కేబుళ్లు ఉన్నా ఇదే జరుగుతుంది. చిన్న ఆఫీసుల్లో వాడే మామూలు స్విచ్‌లకు దీన్ని గుర్తుపట్టే తెలివి ఉండదు. వచ్చిన సమాచారం అందులోనే గిరగిరా తిరుగుతూ అన్నిటినీ ముంచేస్తుంది. ఆ అదనపు కేబుల్ ఒక్కటి పీకితే నిమిషంలో అంతా సర్దుకుంటుంది.

ఐపీ నంబర్లు: అసలు కథ ఎక్కువగా ఇక్కడే

ఐపీ నంబరు అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో సిస్టమ్‌కి ఉండే చిరునామా. రెండు సిస్టమ్స్‌లోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. స్టార్ట్ నొక్కి ‘సీఎండీ’ అని మూడక్షరాలు కొడితే వస్తుంది. అందులో ‘ఐపీకాన్ఫిగ్’ (ipconfig) అని మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. ‘ఐపీవీ4 అడ్రస్’ అన్న వరుసలోని నంబరు, దాని కిందే ఉండే ‘డీఫాల్ట్ గేట్‌వే’ (ఇంటర్నెట్‌కి దారి ఇచ్చే రౌటర్) నంబరు, రెండు సిస్టమ్స్‌వీ ఒక కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి.

నంబరు 169.254తో మొదలైతే ఆ సిస్టమ్‌కి రౌటర్ నుంచి నంబరు అందలేదు, తనకు తానే ఒకటి పెట్టుకుంది. ఆ నంబరుతో అది ఆఫీసులోని మిగతా సిస్టమ్స్‌ని చేరుకోలేదు. కేబుల్ మళ్లీ చూడండి, రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి, తర్వాత సిస్టమ్ రీస్టార్ట్ చేయండి. మే నెల ఈదురుగాలికి కరెంట్ పోయి వచ్చినప్పుడు యూపీఎస్ మీదున్న సిస్టమ్స్ నడుస్తూనే ఉంటాయి, రౌటర్, స్విచ్ మాత్రం ఆగి మళ్లీ లేస్తాయి. ఇలాంటి గందరగోళం అప్పుడే ఎక్కువ. సిస్టమ్స్‌కి పెట్టిన యూపీఎస్‌కే రౌటర్‌నీ స్విచ్‌నీ కూడా కలపండి. అవి తినే కరెంట్ చాలా తక్కువ.

ఇంకో రకం: ఒకదానికి 192.168.1.25, ఇంకోదానికి 192.168.0.104. మూడో చుక్కకు ముందున్న సంఖ్య వేరు, అంటే వరుస వేరు, గేట్‌వేలు కూడా వేరు. రెండింటికీ ఇంటర్నెట్ వస్తుంది, ఒకదానికొకటి మాత్రం కనపడవు. చిన్న ఆఫీసుల్లో పదేపదే వచ్చే సమస్య ఇది. దీని వెనక దాదాపు ఎప్పుడూ రెండో రౌటర్ ఒకటి ఉంటుంది. ఇంటర్నెట్ కంపెనీ వాళ్లు పెట్టిన డబ్బా ముందు గదిలో ఉంది, లోపలి క్యాబిన్‌లో వైఫై అందడం లేదని ఎవరో ఇంకో రౌటర్ తెచ్చి, దాని ‘వ్యాన్’ పోర్టులో కేబుల్ పెట్టారు. ఆ క్షణం నుంచి అది సొంత నెట్‌వర్క్ నడపడం మొదలుపెట్టింది. దాని వెనకున్న సిస్టమ్స్ వేరే లోకంలో ఉన్నట్టే.

దీనికి ఒక స్పష్టమైన గుర్తు ఉంది. లోపలి రౌటర్ మీదున్న సిస్టమ్ నుంచి ముందు గదిలోని సిస్టమ్‌ను ఐపీ నంబరుతో తెరిస్తే చాలాసార్లు తెరుచుకుంటుంది. ముందు గది నుంచి లోపలిదాన్ని తెరవబోతే మాత్రం రాదు. ఒక వైపే దారి ఉందంటే రెండో రౌటర్‌ని వెతకండి.

సరిచేయడం ఇలా. రెండో రౌటర్ సెట్టింగుల్లో ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ ఉంటే అది ఎంచుకోండి, పని అయిపోయినట్టే. లేకపోతే మూడు పనులు, ఇదే క్రమంలో చేయాలి. ముందు ఆ రౌటర్ సొంత ఐపీని మొదటి రౌటర్ వరుసలోకి మార్చండి. మొదటిది 192.168.1.1 అయితే దీనికి అదే వరుసలో, మొదటి రౌటర్ ఎవరికీ పంచని నంబరు ఒకటి ఇవ్వండి. జియో కనెక్షన్లలో ఇంటి రౌటర్ నంబరు 192.168.29.1 ఉంటుంది కాబట్టి అక్కడ వరుస కూడా 29దే కావాలి. తర్వాత ఈ రెండో రౌటర్‌లో ‘డీహెచ్‌సీపీ’ అన్నదాన్ని ఆపేయండి. నంబర్లు పంచే పని ఆఫీసు మొత్తంలో ఒక్కరే చేయాలి. చివరగా కేబుల్‌ని ‘వ్యాన్’ పోర్టు నుంచి తీసి ‘లాన్’ పోర్టులో గుచ్చండి. సిస్టమ్స్ రీస్టార్ట్ చేస్తే అన్నీ ఒకే వరుసలోకి వస్తాయి.

డీహెచ్‌సీపీ ఆపకుండా కేబుల్ మాత్రం లాన్ పోర్టులో పెడితే ఇంకా చిక్కు. ఇద్దరు నంబర్లు పంచుతుంటారు, ఏ సిస్టమ్‌కి ఎవరి నంబరు వస్తుందో ఆ రోజు అదృష్టం. పొద్దున పనిచేసింది మధ్యాహ్నం చేయదు. అనుమానం వస్తే ఐపీకాన్ఫిగ్ పక్కన ఒక ఖాళీ, ముందుకు వాలిన గీత, ‘ఆల్’ అని కలిపి కొట్టండి. వచ్చిన దాంట్లో ‘డీహెచ్‌సీపీ సర్వర్’ అన్న వరుస చూడండి. అన్ని సిస్టమ్స్‌లోనూ అక్కడ ఒకే నంబరు ఉండాలి.

వైఫై మీదున్న లాప్‌టాప్ అయితే అది గెస్ట్ వైఫైకి కలిసిందేమో చూడండి. గెస్ట్ వైఫై పనే లోపలి సిస్టమ్స్‌ని కనపడనివ్వకపోవడం. కొన్ని రౌటర్లలో మామూలు వైఫైకి కూడా ‘ఏపీ ఐసొలేషన్’ లేదా ‘క్లయింట్ ఐసొలేషన్’ అని ఒక టిక్ ఉంటుంది. అది పడి ఉంటే ఒకే వైఫై మీదున్న రెండు లాప్‌టాప్‌లు కూడా ఒకదాన్నొకటి చేరలేవు. ఆఫీసు వైఫైకి ఆ టిక్ తీసేయండి, వచ్చిపోయేవాళ్లకిచ్చే గెస్ట్ వైఫైకి ఉంచండి.

పింగ్ చేయండి, జవాబు జాగ్రత్తగా చదవండి

నంబర్లు ఒకే వరుసలో ఉన్నాయని తేలాక, ఒక సిస్టమ్‌లో ‘పింగ్’ అని కొట్టి, ఖాళీ ఇచ్చి, అవతలి ఐపీ నంబరు రాసి ఎంటర్ నొక్కండి. జవాబులు వరుసగా వస్తే దారి బాగుంది, నేరుగా ఫోల్డర్ తెరిచే భాగానికి వెళ్లిపోండి.

రాకపోతే అక్కడే ఆగి ఆ వాక్యం చదవండి. చాలామంది ‘పింగ్ రావట్లేదు’ అని వదిలేస్తారు. కానీ రాకపోవడంలో రెండు రకాలున్నాయి, రెండింటికీ మందు వేరు. ‘డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’ అని, అదీ మీ సొంత ఐపీ నుంచే వస్తే, అవతలి సిస్టమ్ ఆ నంబరుతో ఈ నెట్‌వర్క్‌లో లేనట్టే. అది ఆఫ్‌లో ఉండొచ్చు, నిద్రలోకి జారి ఉండొచ్చు, నంబరు మారి ఉండొచ్చు, కేబుల్ ఊడి ఉండొచ్చు, లేదా పైన చెప్పిన వైఫై ఐసొలేషన్. ‘రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్’ అని వస్తే మాత్రం అవతలిది అక్కడే ఉండి జవాబివ్వకపోయే అవకాశం ఎక్కువ. అంటే ఫైర్‌వాల్.

రూఢి చేసుకోవడానికి ఒక మంచి పద్ధతి ఉంది. పింగ్ చేసిన వెంటనే ‘ఏఆర్‌పీ’ అని కొట్టి, ఖాళీ ఇచ్చి, అడ్డగీత పెట్టి ‘ఏ’ అని కొట్టండి. వచ్చిన పట్టికలో అవతలి ఐపీ నంబరు, దాని పక్కన రెండేసి అక్షరాల చొప్పున ఆరు జతల చిరునామా ఉంటే ఆ సిస్టమ్ ప్రాణంతో ఉంది, వైరు బాగుంది, స్విచ్ బాగుంది. ఫైర్‌వాల్ ఎంత గట్టిగా తలుపు మూసినా ఈ స్థాయిలో సిస్టమ్ జవాబిస్తుంది. పట్టికలో అసలు లేకపోతే మళ్లీ కేబుల్ దగ్గరికి వెళ్లండి. ఇది తెలిస్తే బాగున్న కేబుళ్లను పీకి మార్చే శ్రమ తప్పుతుంది.

పబ్లిక్, ప్రైవేట్

ఇంటర్నెట్ కంపెనీ మారిన మర్నాడే షేరింగ్ ఆగిపోతే కారణం సాధారణంగా ఇదే. విండోస్ ఒక నెట్‌వర్క్‌ని గేట్‌వేగా ఉన్న రౌటర్‌ని బట్టి గుర్తుపడుతుంది. రౌటర్ మారగానే ఇది కొత్త చోటు అనుకుంటుంది. కొత్త చోటు అంటే రైల్వే స్టేషన్ వైఫై కూడా కావచ్చు కాబట్టి జాగ్రత్తగా ‘పబ్లిక్’ అని పెట్టుకుని, మిగతావాళ్లకు కనపడకుండా ఉంటుంది. అది చేసింది తప్పు కాదు. ఇది మన ఆఫీసే అని మనం చెప్పాలి.

విండోస్ 11లో సెట్టింగ్స్, అందులో ‘నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్’ తెరిచి, ఈథర్‌నెట్ లేదా మీ వైఫై ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ‘ప్రైవేట్ నెట్‌వర్క్’ ఎంచుకోండి. తర్వాత ‘అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్’, దాని లోపల ‘అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్’ తెరవండి. ప్రైవేట్ కింద ‘నెట్‌వర్క్ డిస్కవరీ’, ‘ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్’ రెండూ ఆన్ చేయండి. విండోస్ 10లో ‘ప్రైవేట్’ ఎంపిక సెట్టింగ్స్‌లోనే ఉంటుంది, ఈ రెండూ ఆన్ చేయడం మాత్రం కంట్రోల్ ప్యానెల్‌లోని ‘నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్’ నుంచి చేయాలి. ఒక సిస్టమ్‌లో చేసి ఊరుకోకండి, అన్నింట్లో చేయండి.

అది ఆఫీసు వైఫై కాకుండా హోటల్, కో-వర్కింగ్ సెంటర్ లాంటి చోటైతే ‘ప్రైవేట్’ చేయకండి. మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఒకే అంతస్తులో నాలుగైదు కంపెనీలు ఒకే వైఫై వాడే సెంటర్లున్నాయి. అక్కడ మీ ఫోల్డర్లు పక్క కంపెనీకి చూపించడమే అవుతుంది.

ఇంత చేసినా రాకపోతే డబ్బు పెట్టి కొన్న యాంటీవైరస్ ఉందేమో చూడండి. అలాంటివాటిలో చాలావరకు సొంత ఫైర్‌వాల్‌తో వస్తాయి, విండోస్‌లో మీరు చేసిన మార్పు వాటికి పట్టదు. దాని సెట్టింగుల్లో మీ నెట్‌వర్క్‌ని నమ్మదగినదిగా గుర్తించండి. పరీక్ష కోసం దాని ఫైర్‌వాల్‌ని రెండు నిమిషాలు ఆపి చూడటంలో తప్పు లేదు. చూసిన వెంటనే ఆన్ చేయండి. ఆపేసి మర్చిపోయిన ఫైర్‌వాల్ ఆఫీసులో అందరి డేటాకీ ప్రమాదం.

ఫోల్డర్ తెరవడం

ఇప్పుడు కీబోర్డు మీద విండోస్ గుర్తు, ‘ఆర్’ కలిపి నొక్కండి. వచ్చిన చిన్న డబ్బాలో రెండు వెనక్కి వాలిన గీతలు, తర్వాత అవతలి ఐపీ, ఇలా: \\192.168.1.25. ఎంటర్ నొక్కితే షేర్ చేసిన ఫోల్డర్లు రావాలి. వస్తే సగానికి పైగా గెలిచినట్టే.

ఐపీతో వచ్చి పేరుతో రాకపోతే సమస్య పేరులోనే ఉంది. రెండు సిస్టమ్స్‌కి ఒకే పేరు ఉందేమో చూడండి. ఒకేసారి కొని ఒకేలా ఇన్‌స్టాల్ చేసిన సిస్టమ్స్‌లో ఇది ఉంటుంది. ‘సెట్టింగ్స్’, ‘సిస్టమ్’, ‘అబౌట్’లోకి వెళ్లి దేని పేరు దానికి పెట్టండి. ఖాళీలు లేకుండా, 15 అక్షరాలు దాటకుండా ఉండాలి. వర్క్‌గ్రూప్ పేరు వేరుగా ఉందని మాత్రం కంగారుపడకండి. ఫోల్డర్ తెరుచుకోవడానికి వర్క్‌గ్రూప్ ఒకటే కానక్కర్లేదు. దాని మీద ఎంతో సమయం వృథా చేస్తుంటారు.

పేరు, ఐపీ రెండూ పనిచేసి జాబితాలో మాత్రమే కనపడకపోతే సర్వీసులు చూడాలి. విండోస్ గుర్తు, ‘ఆర్’ నొక్కి, ‘సర్వీసెస్’ తర్వాత చుక్క పెట్టి ‘ఎమ్‌ఎస్‌సీ’ అని కొట్టండి. ‘ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్’ అన్నది తనను తాను చాటుకునే సర్వీసు, కనపడాల్సిన సిస్టమ్‌లో నడవాలి. ‘ఫంక్షన్ డిస్కవరీ ప్రొవైడర్ హోస్ట్’ ఇతరులను వెతికేది, చూసే సిస్టమ్‌లో నడవాలి. రెండింటినీ అన్ని సిస్టమ్స్‌లో ‘ఆటోమేటిక్’ చేసి స్టార్ట్ చేయండి. నెట్‌వర్క్ డిస్కవరీ ఆన్ చేసినా మళ్లీ దానంతటదే ఆఫ్ అవుతుంటే వీటితో పాటు ‘ఎస్‌ఎస్‌డీపీ డిస్కవరీ’, ‘యూపీఎన్‌పీ డివైస్ హోస్ట్’, ‘డీఎన్‌ఎస్ క్లయింట్’ కూడా నడుస్తున్నాయో లేదో చూడండి.

పాస్‌వర్డ్ అడిగి ఒప్పుకోకపోతే

ఇక్కడ చాలామంది ఇరుక్కుంటారు. మెయిన్ సిస్టమ్‌లోకి రోజూ పిన్ కొట్టి వెళ్తారు కాబట్టి నెట్‌వర్క్‌లో అడిగినప్పుడు కూడా అదే పిన్ కొడతారు. పిన్ ఆ సిస్టమ్ ముందు కూర్చున్నవారికే పనిచేస్తుంది, నెట్‌వర్క్ నుంచి పనికిరాదు. ఖాతా అసలు పాస్‌వర్డ్ కావాలి. పాస్‌వర్డే లేని ఖాతా అయితే విండోస్ నెట్‌వర్క్ నుంచి రానివ్వదు.

దీనికి శుభ్రమైన పరిష్కారం: మెయిన్ సిస్టమ్‌లో షేరింగ్ కోసమే ఒక లోకల్ ఖాతా చేయండి, గట్టి పాస్‌వర్డ్ పెట్టండి, టాలీ ఫోల్డర్ షేరింగ్ అనుమతి, ఫోల్డర్ సెక్యూరిటీ అనుమతి రెండూ ఆ ఖాతాకే ఇవ్వండి. మిగతా సిస్టమ్స్‌లో అడిగినప్పుడు యూజర్ నేమ్ దగ్గర మెయిన్ సిస్టమ్ పేరు, వెనక్కి వాలిన గీత, ఖాతా పేరు రాసి, పాస్‌వర్డ్ ఇచ్చి, గుర్తుంచుకోమని టిక్ పెట్టండి. ‘ఎవ్రీవన్’కి పూర్తి అనుమతి ఇచ్చి, పాస్‌వర్డ్ రక్షణ తీసేయడం సులువే. కానీ ఖాతాల పుస్తకాలు ఉన్న ఫోల్డర్‌ని అలా వదిలేయకండి.

పాస్‌వర్డ్ మార్చిన తర్వాత ఒక సిస్టమ్‌లోనే రావడం లేదా? కంట్రోల్ ప్యానెల్‌లో ‘క్రెడెన్షియల్ మేనేజర్’ తెరిచి మెయిన్ సిస్టమ్ పేరుతోనూ, ఐపీతోనూ దాచిన పాతవి తీసేయండి. ఆ రెండింటినీ విండోస్ వేర్వేరు సిస్టమ్స్‌గా లెక్కవేసుకుంటుంది. తర్వాత ఒకసారి సైన్ అవుట్ చేసి రండి.

విండోస్ 11 24హెచ్2 ప్రో పడ్డాక పాత స్టోరేజ్ డబ్బా (అందరి ఫైళ్లూ దాచడానికి నెట్‌వర్క్‌కి కలిపిన డిస్క్ పెట్టె) తెరుచుకోవడం ఆగిపోతే, అది పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా రానిచ్చే డబ్బా అయి ఉండొచ్చు. ఈ వెర్షన్ నుంచి ప్రో అలాంటి గెస్ట్ ప్రవేశాన్ని ఒప్పుకోదు. డబ్బా సెట్టింగుల్లో యూజర్‌నీ పాస్‌వర్డ్‌నీ తయారుచేయండి, దాని ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) కూడా అప్‌డేట్ చేయండి.

ఇంకోటి ఈమధ్యే మొదలైంది. పాస్‌వర్డ్ అక్షరం అక్షరం సరిగ్గా ఉన్నా ఒప్పుకోదు. ఒక హార్డ్‌డిస్క్‌లో విండోస్ వేసి దాన్నే మిగతా అన్నింట్లోకి కాపీ చేసిన అసెంబుల్డ్ సిస్టమ్స్ అయితే వాటన్నిటికీ లోపల ఒకే గుర్తింపు సంఖ్య ఉంటుంది. 2025 ఆగస్టు చివర, సెప్టెంబర్‌లలో వచ్చిన అప్‌డేట్ల నుంచి విండోస్ 11 24హెచ్2, 25హెచ్2 సిస్టమ్స్ అలాంటి కవలలను ఒకదాన్నొకటి నమ్మనివ్వడం లేదు. సిస్టమ్స్ అమ్మినవారిని డిస్క్ కాపీ చేశారా అని నేరుగా అడగండి. చేశామంటే విండోస్ తాజాగా వేయించండి, లేదా సిస్‌ప్రెప్ (కాపీ చేసే ముందు ఆ గుర్తింపు సంఖ్యను తీసేసే విండోస్ టూల్) చేసిన కాపీ నుంచి వేయించండి. వేరే అడ్డదారి వెతకొద్దు.

ఎస్‌ఎమ్‌బీ 1 ఆన్ చేయమని ఎవరైనా చెప్తే

చేయకండి. ఎస్‌ఎమ్‌బీ అంటే నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకోవడానికి విండోస్ వాడే పద్ధతి, ఎస్‌ఎమ్‌బీ 1 దాని పాత వెర్షన్. ఇంటర్నెట్‌లో ఈ సమస్యకి దొరికే సలహాల్లో దాన్ని ఆన్ చేయమనడం మొదటి వరుసలోనే ఉంటుంది. ఆన్ చేస్తే కొన్నిసార్లు జాబితా నిండిపోతుంది కూడా, ఎందుకంటే పాత జాబితా పద్ధతి దాని మీదే నడిచేది. కానీ 2017 మే నెలలో ప్రపంచమంతా పాకిన వానాక్రై వైరస్ ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి దూకింది ఈ ఎస్‌ఎమ్‌బీ 1లోని లోపం ద్వారానే. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లకూ అప్పుడు అది తగిలింది. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ దీన్ని విండోస్‌లోంచి తొలగించడం మొదలుపెట్టింది. ఆఫీసు పాత జిరాక్స్ మెషిన్ స్కాన్ చేసిన కాగితాన్ని ఫోల్డర్‌లోకి పంపడానికి అదే కావాలంటే, స్కాన్‌ని ఈమెయిల్‌కి వెళ్లేలా మార్చుకోండి. ఒక స్కానర్ కోసం ఆఫీసు డేటా అంతా పణంగా పెట్టొద్దు.

‘హోమ్‌గ్రూప్ తయారుచేయండి’ అని మొదలయ్యే సూచనలు కూడా పక్కన పెట్టండి. విండోస్ 10లో 2018లోనే దాన్ని తీసేశారు.

ఇవి కూడా ఒకసారి

మధ్యాహ్నం భోజనం తర్వాతే డేటా పోతోందంటే మెయిన్ సిస్టమ్ నిద్రపోతోంది. పవర్ సెట్టింగుల్లో ‘స్లీప్’ని ‘నెవర్’ చేయండి, మానిటర్ ఆరిపోతే పర్వాలేదు.

కోచింగ్ సెంటర్ ల్యాబ్ లాంటి చోట ఇరవై మందికి తెరుచుకుని ఆ తర్వాతివారికి రాకపోతే అది లోపం కాదు. మామూలు విండోస్ 10, 11 ఒకేసారి 20 కనెక్షన్లే ఇస్తాయి. సర్వర్ విండోస్ కానీ, స్టోరేజ్ డబ్బా కానీ తీసుకోవాల్సిందే.

పెద్ద కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్‌లో వీపీఎన్ (ఆ కంపెనీ నెట్‌వర్క్‌కి రహస్య దారి) ఆన్‌లో ఉంటే పక్కనున్న సిస్టమ్ కనపడకపోవడం సహజం. ఆ లాప్‌టాప్‌లో ఏ సెట్టింగూ ముట్టుకోకుండా ఆ కంపెనీ ఐటీ వాళ్లకే చెప్పండి.

ప్రింటర్‌ని ఒక సిస్టమ్‌కి తగిలించి అందరికీ షేర్ చేయడం కన్నా, లాన్ పోర్టు ఉన్న ప్రింటర్‌ని నేరుగా స్విచ్‌కి కలపడం ఎంతో నయం. ఏ సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నా ప్రింట్ ఆగదు.

మళ్లీ రాకుండా

మెయిన్ సిస్టమ్ ఐపీ ఎప్పటికీ మారకూడదు. రౌటర్ పేజీలో ‘అడ్రస్ రిజర్వేషన్’ లేదా ‘ఐపీ బైండింగ్’ అని ఉంటుంది, అందులో మెయిన్ సిస్టమ్‌కీ ప్రింటర్‌కీ ఒక్కో నంబరు కట్టిపెట్టండి. మీ రౌటర్‌లో ఆ వీలు లేకపోతే సిస్టమ్‌లోనే నంబరు స్థిరంగా రాయండి, కానీ రౌటర్ పంచే నంబర్ల పరిధిలో లేనిది చూసి రాయండి. లేదంటే అదే నంబరు ఇంకొకరికీ వెళ్లి ఇద్దరూ పడిపోతారు. నంబరు స్థిరపడ్డాక మిగతా సిస్టమ్స్‌లో ‘మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్’తో టాలీ ఫోల్డర్‌ని ఒక డ్రైవ్‌గా పెట్టి, అన్నింట్లోనూ అదే డ్రైవ్ అక్షరం ఇవ్వండి.

చివరగా ఒక కాగితం తయారుచేయండి. ప్రతి సిస్టమ్ పేరు, ఐపీ, అది స్విచ్‌లో ఎన్నో పోర్టులో ఉంది, రౌటర్ పేజీ నంబరు ఏది. పాస్‌వర్డ్‌లు దాని మీద రాయకండి. స్విచ్ పక్కన గోడకి అంటించి, కేబుళ్లకి రెండు కొసలా అవే పేర్లతో చిన్న చీటీలు చుట్టండి. రేపు ఇంటర్నెట్ కంపెనీ మార్చినప్పుడు కొత్త రౌటర్ బిగించడానికి వచ్చిన అబ్బాయికి ఆ కాగితం చూపించి, పాత వరుస నంబర్లే అందులో పెట్టించండి.  నెట్‌వర్క్ మళ్లీ ‘పబ్లిక్’ అయిపోయి ఉంటుంది కాబట్టి అన్ని సిస్టమ్స్‌లోనూ ‘ప్రైవేట్’ చేసి, అతను వెళ్లకముందే రెండు సిస్టమ్స్‌లో టాలీ తెరిచి చూసుకోండి.